మద్యపానము - కర్తృదోషము: కతోలిక నీతిశాస్త్రమున ఒక ప్రశ్న చరిత్ర

చంద్రపుర మండలమున 2015వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ మొదలుకొని మద్యనిషేధము అమలునకు వచ్చెను. 2021వ సంవత్సరము మే 27వ తేదీన మహారాష్ట్ర మంత్రివర్గము దానిని ఎత్తివేయ నిర్ణయించెను. ఈ ఆరేండ్లలోను, ఆ పిమ్మటను, మన తెలుగువారి ఇండ్లయందును, బల్లార్‌పూరు, ఘుగూస్, మాజ్రీ గనుల కాలనీలయందును జరిగిన చర్చ యంతయు ఒక్క విషయమును గూర్చియే: అంగడి తెరచియుండవలెనా, మూసియుండవలెనా? అంగడిని గూర్చి ఇంత చర్చ జరిగినది గాని, త్రాగిన మనుష్యుని గూర్చి జరిగినది తక్కువ. త్రాగి చేసిన పనికి వాడెంతవరకు బాధ్యుడు? త్రాగుటయే దోషమా, మతి తప్పునట్లు త్రాగుట దోషమా, మతి తప్పిన పిమ్మట చేసిన పని దోషమా? ఏండ్ల తరబడి త్రాగి, మానదలచియు మానలేని స్థితికి వచ్చినవానిని పాపి యనవలెనా, రోగి యనవలెనా?

ఈ ప్రశ్నలు నాకు పుస్తకములనుండి వచ్చినవి కావు. కొన్నేండ్ల క్రిందట మా బడిలో నాలుగవ తరగతి చదువుచున్న యొక బాలుని తల్లి, పిల్లవాడు తరగతిలో నిదురించుచున్నాడని నేను పిలిపింపగా వచ్చి, రాత్రులు ఇంటిలో నిదుర యుండదని చెప్పినది. భర్త గనిలో పనివాడు. కుటుంబము కతోలికము. ఆమె నన్నడిగిన మాటను యథాతథముగా వ్రాయుచున్నాను: "సారూ, ఆయన చేసేది పాపమా, జబ్బా? పాపమైతె గుడికి తీస్కపోత, జబ్బయితె దవాఖానకు తీస్కపోత. ఏదో ఒకటి చెప్పున్రి." తెలుగు వాచకము చెప్పుకొను నావంటివానికి దీనికి బదులు తెలియలేదు. ఆమె మతమునకే చెందిన గ్రంథములలో బదులు దొరకునేమోయని వెదకుటకు ఆనాడు మొదలుపెట్టితిని. నేను కతోలికుడను గాను. ఐనను ఈ ప్రశ్నను ఇంత ఓపికతో, ఇన్ని శతాబ్దములు విచారించిన సంప్రదాయము వేరొకటి నాకు కనబడలేదు. ఆ విచారణ చరిత్రను మన సంఘమువారి యెదుట నుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇచటి కతోలికులకును మనకును గల సంబంధమును గూర్చి ఒక మాట చెప్పి ముందుకు సాగెదను. కేరళ దేశపు సిరో మలబారు శ్రీసభ తన ప్రాంతమునకు వెలుపల చేపట్టిన తొలి ధర్మప్రచార క్షేత్రము చాందాయే. 1962లో సి. ఎం. ఐ. సభ గురువులకు ఇది అప్పగింపబడెను. 1977లో పూర్ణ మేత్రాసనమయ్యెను. తెలుగు మండలమైన ఆదిలాబాదు ఆ మేత్రాసనమున భాగముగా నుండి 1999లో వేరు మేత్రాసనముగా విడిపోయెను. రాజూరా తాలూకా కథ దీనికి ఎదురుదిశలో నడచినది. అది నిజాము రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలోనిది. 1956లో బొంబాయి రాష్ట్రమునకు చేరి, నాందేడు మీదుగా 1959లో చాందాకు వచ్చెను. సరిహద్దు గీత ఎటు జరిగినను పెన్గంగకు ఇరువైపుల నున్నవారు అవే యింటి పేర్లవారు, అదే కల్లును, అదే ఇప్పసారాను ఎరిగినవారు.

ప్రశ్నలోనికి పోవుటకు ముందు మన భాష యొక్క సాక్ష్యమును వినుట మంచిది. తెలుగున త్రాగినవాడు వేరు, త్రాగుబోతు వేరు. మొదటిది ఒక పూట జరిగిన పనిని చెప్పును. రెండవది తిండిపోతు, సోమరిపోతు అను మాటలవలె పనిని స్వభావముగా మార్చి మనిషికి అంటగట్టును. రోమను తత్త్వవేత్త సెనెకా తన 83వ లేఖలో లాటిను భాషయందలి ఇట్టి రెండు పదముల భేదమునే ఎత్తి చూపి, మత్తులో నున్న ప్రతివాడును త్రాగుబోతు కాడనియు, త్రాగుబోతు అన్ని వేళల మత్తులో నుండడనియు వాదించెను. నీతిశాస్త్రజ్ఞులు పిమ్మట పదునెనిమిది వందల యేండ్లు చేసిన వాదమునకు బీజము ఈ చిన్న భేదముననే కలదని నా అభిప్రాయము. ఒక క్రియకు తీర్పు చెప్పుట యొకటి, ఒక అలవాటునకు తీర్పు చెప్పుట మరియొకటి.

మన పురాణములును ఈ చిక్కును ఎరుగనివి కావు. ఆదిపర్వమున రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ భస్మమును సురలో కలిపి శుక్రాచార్యునిచేత త్రాగించిరి. శుక్రుడు ఎరుగక త్రాగెను. ఎరుకలేని చోట దోషము లేదని ఆయన ఊరకుండవచ్చును. ఐనను అట్లూరకుండక, అంతటి జ్ఞానిని సైతము మోసపుచ్చిన వస్తువని సురనే శపించి, నాటినుండి త్రాగు బ్రాహ్మణునకు మహాపాతకమును విధించెను. ఇక మౌసలపర్వమున ద్వారకలో సురను కాచినవాడు బంధువులతోగూడ కొఱత వేయబడునని చాటింపు వేయించిరి. ఇంతకంటె కఠినమైన నిషేధశాసనము మరియొకటి యుండదు. ఐనను యాదవులు ప్రభాసతీర్థమునకు పోయి త్రాగి ఒకరినొకరు చంపుకొనిరి. ఒక కథయందు వస్తువునకు శాపము, మరియొక కథయందు కాచినవానికి శిక్ష. త్రాగినవాని మనస్సులో నేమి జరిగెనను విచారణ రెండింట గూడ కొంచెమే.

క్రైస్తవము మొదటినుండియు వస్తువును శపించుటకు ఒప్పుకొనలేదు. కారణము స్పష్టము. కానా పెండ్లిలో క్రీస్తు నీటిని ద్రాక్షారసముగా మార్చెను. కడరాత్రి భోజనమున దానినే గిన్నెలో పోసి శిష్యులకిచ్చెను. పౌలు తిమోతికి కడుపునొప్పికై కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసెను. ఆయనయే ఎఫెసీయులకు వ్రాసిన లేఖలో మత్తులగుటను నిషేధించెను. అనగా పానమునకు అనుమతి, మత్తునకు నిషేధము. తొలి శతాబ్దములలో కొన్ని శాఖలవారు ద్రాక్షారసమును పూర్తిగా విడిచి, పూజలో సైతము నీటినే వాడిరి. మణి మతస్థులు ద్రాక్షారసమును చీకటి రాజు యొక్క పైత్యరసమని చెప్పిరని అగుస్తీను వ్రాసెను. శ్రీసభ ఈ శాఖలన్నిటిని త్రోసిపుచ్చినది. వస్తువు చెడ్డది కాదని తీర్పు చెప్పిన పిమ్మట దోషమును వెదకవలసిన చోటు మనిషి లోపలనే మిగిలినది. వస్తువును నిందించినచో తీర్పు సులభము. మనిషిని విచారింపవలసివచ్చినచో ఎరుక, సమ్మతి, అలవాటు, బలవంతము అను నాలుగును తూచవలెను.

అగుస్తీను తన ఆత్మకథలో తల్లి మోనికమ్మ బాల్యమును గూర్చి చెప్పిన వృత్తాంతము నాకు మిక్కిలి నచ్చినది. ఇంటిలో పీపానుండి ద్రాక్షారసము తెచ్చుటకు ఆ బాలికను పంపుచుండిరి. ఆమె ఆశచేత గాక, చిన్నతనపు చిలిపిచేష్టగా పెదవి తడియునంత పుచ్చుకొనెను. దినదినమును ఆ కొంచెమునకు కొంచెము చేరి, తుదకు గిన్నెలు గిన్నెలుగా త్రాగు అలవాటయ్యెను. ఒకనాడు దాసీపిల్ల తగవులాడి ఆమెను త్రాగుబోతని ఎత్తిపొడిచెను. ఆ మాట తగిలి మోనికమ్మ ఆ క్షణముననే మానెను. దాసి మందలింపదలచినది కాదు, నొప్పింపదలచినది. తల్లిదండ్రుల కట్టుబాటు చేయలేని పనిని ఒక శత్రువాక్యము చేసినది. అలవాటు ఏనాడు పుట్టినదో ఆ బాలికకు సైతము తెలియదు. దోషము ఏ చుక్కయందు మొదలైనది? అగుస్తీను ఈ ప్రశ్న వేయలేదు గాని కథను చెప్పిన తీరులో అది దాగియున్నది.

ఆరవ శతాబ్దమున బెనెదిక్తు మఠనియమములను వ్రాయుచు, సన్యాసులకు ద్రాక్షారసము తగదనియు, ఐనను ఈ కాలపు సన్యాసులను అట్లు ఒప్పింపలేము గావున మితముగా నైనను త్రాగవలెననియు 40వ అధ్యాయమున చెప్పి, దినమునకు ఒక చిన్న కొలతను నియమించెను. ఒప్పుకోలు కొంత, నిట్టూర్పు కొంత కలిసిన ఈ వాక్యమును మన నిషేధ సంఘములవారు చదివియున్న మంచిదే.

తరువాతి శతాబ్దములలో ఐర్లండు, ఇంగ్లండు దేశముల గురువులు పాపసంకీర్తనము వినుటకై ప్రాయశ్చిత్త పట్టికలను వ్రాసికొనిరి. 668 మొదలు 690 వరకు కాంటర్బరీ పీఠమునందున్న తెయొదోరు పేరిట ప్రసిద్ధమైన పట్టికలో త్రాగి వాంతి చేసికొనిన సన్యాసికి 30 దినములు, గురువునకు 40 దినములు, గృహస్థునకు 15 దినములు ప్రాయశ్చిత్తము విధింపబడినది. మన ధర్మశాస్త్రములందలి కృచ్ఛ్ర చాంద్రాయణములు తలపునకు వచ్చును. ఐతే అట నొక భేదము కలదు. స్థానము పెరిగినకొలది దండము పెరిగినది, తగ్గలేదు. మరియు వ్యాధి వలన గాని, చాలకాలము త్రాగక యుండి అలవాటు తప్పుట వలన గాని, పండుగ సంతోషమున పెద్దలు నియమించిన కొలత దాటకయే వాంతి యైనచో దోషము లేదని మినహాయింపు గలదు. అంతకంటె గమనింపదగినది అట్టి పట్టికలలో వేరొకటి కలదు: స్నేహము పేర ఒకనిచేత అతిగా త్రాగించినవానికి త్రాగినవానితో సమానమైన ప్రాయశ్చిత్తము, పగచేత త్రాగించినచో నరహంతకునితో సమానమైన దోషము. జీతము దినమున మిత్రుని చెయ్యిపట్టి లాగుకొనిపోవువానిని మన యే చట్టము పట్టుకొనలేదు. ఆ మొరటు పట్టికలు పట్టుకొన్నవి.

ఈ చెదురుమదురు తీర్పులను ఒక్క సిద్ధాంతముగా కూర్చినవాడు 1274లో కీర్తిశేషుడైన తోమాసు అక్వీనాసు. ఆయన వేదాంత సంగ్రహము రెండవ భాగపు రెండవ ఖండమున 149వ ప్రకరణము మితపానమును గూర్చియు, 150వ ప్రకరణము మత్తును గూర్చియు కలదు. ప్రకరణమునకు నాలుగేసి ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకును ముందు పూర్వపక్షము, పిమ్మట సిద్ధాంతము, తుదకు ఒక్కొక్క ఆక్షేపమునకు సమాధానము. మన శాస్త్రగ్రంథములు చదివినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

ద్రాక్షారసము తనంతట నిషిద్ధము కాదని తోమాసు మొదట తేల్చును. ఐనను నలుగురి విషయమున అది నిషిద్ధమగును: సులభముగా చెడిపోవు దేహము గలవాడు, త్రాగనని మ్రొక్కుకొన్నవాడు, మితము దాటువాడు, తన పానము వలన ఇతరులకు చెడు కలిగించువాడు. పెద్దలు ఇతరులకు బోధింపవలసినవారు గనుక వారికి మితము మరింత అవసరమని ఆయన అనినపుడు మావంటి ఉపాధ్యాయులు కొంచెము సర్దుకొని కూర్చుండవలసివచ్చును.

మత్తును గూర్చిన విచారణయే ముఖ్యము. త్రాగి మత్తుడైనవాడు మూడు విధములుగా నుండవచ్చునని తోమాసు చెప్పెను. పానీయము యొక్క బలమెరుగక త్రాగినవాడొకడు. ద్రాక్షతోట నాటి మొదటిసారి దాని రసము త్రాగిన నోవహు ఇట్టివాడు. అతనికి పాపము లేదు. తాను మితము దాటుచున్నట్లెరిగియు, అది మత్తు కలిగించునని ఎరుగనివాడు రెండవవాడు. అతనికి అల్పపాపము. మితము దాటుచున్నదనియు, మత్తు కలుగుననియు ఎరిగి, త్రాగక యుండుటకంటె మత్తులో నుండుటయే మేలని కోరి త్రాగినవాడు మూడవవాడు. అతనిది చావైన పాపము. మంచిని చేయుటకును చెడును విడుచుటకును మనుష్యునకు ఆధారమైన వివేకమును అతడు తెలిసి తెలిసి చేతులార పోగొట్టుకొనుచున్నాడు. ఇదియే అన్ని పాపములలో మిన్నయా యను ప్రశ్నకు మాత్రము కాదని చెప్పెను. దైవమునకు విరుద్ధమైన పాపములు దీనికంటె ఘోరములు.

ఇచట గమనింపవలసినది కొలతబద్ద మారుట. ఎన్ని గిన్నెలు త్రాగెనని తోమాసు అడుగడు. త్రాగుటకు ముందు ఏమెరిగియుండెను, ఏమి కోరెనని అడుగును. ఒకే సీసానుండి ఒకే కొలత త్రాగిన ముగ్గురికి మూడు తీర్పులు.

నాలుగవ ప్రశ్న మన వీథులలో దినమును వినవచ్చునది. మత్తు, మత్తులో చేసిన పాపమును మన్నింపజేయునా? "మనిషి మంచివాడే, మందులో చేసినాడు" అని మనము భార్యను కొట్టినవానిని గూర్చి సైతము అనుచుందుము. తోమాసు ఈ మాటను రెండుగా చీల్చెను. మత్తునకు దారితీసిన మొదటి పని దోషరహితమైనచో, అనగా ఎరుగక త్రాగినచో, పిమ్మట జరిగినదానికి పూర్తిగా మన్నింపు కలదు. మొదటి పనియే దోషమైనచో మన్నింపు పూర్తిగా లేదు, ఏలయన మూలమును కోరినవాడు దాని ఫలమును కొంతవరకు కోరినట్లే. ఐనను తెలివితో చేసినంత దోషము లేదు, ఏలయన ఆ క్షణమున ఇచ్ఛ తక్కువ. లోతు తన కూతుండ్రు త్రాగించిన మత్తులో చేసిన అకృత్యమును గూర్చి అగుస్తీను అంతకు పూర్వమే, అతని దోషము ఆ అకృత్యమునకు తగినంత కాదు, ఆ మత్తునకు తగినంత అని తీర్పు చెప్పియుండెను. తోమాసు దానిని తనకు ప్రమాణముగా గైకొనెను.

ఇంతలో ఆయనకు ఒక చిక్కు వచ్చినది. మితిలీనీ పాలకుడైన పిత్తకు, త్రాగి కొట్టినవానికి తెలివితో కొట్టినవానికంటె ఎక్కువ శిక్ష విధించెనని అరిస్టాటిలు వ్రాసెను. మత్తు దోషమును తగ్గించునని తాను చెప్పుచుండగా పిత్తకు శిక్షను పెంచుటేల? తోమాసు సమాధానము నాకు అద్భుతముగా తోచినది. పిత్తకు చూచినది తప్పులను ఆపుటయను ప్రయోజనమునే గాని, మతి లేనివాని యెడల చూపదగిన దయను కాదు అని ఆయన అనెను. శాసనకర్త చూపు వేరు, పాపసంకీర్తనము విను గురువు చూపు వేరు. ఒకనికి ఊరు కావలెను, ఒకనికి మనిషి కావలెను. చంద్రపురమున ఆరేండ్లు సాగిన వాదమున ఈ రెండు చూపులను కలగాపులగము చేయుటచేతనే ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

తోమాసు పిమ్మట అయిదు వందల యేండ్ల చరిత్రను త్వరగా దాటవచ్చును. పదునెనిమిదవ శతాబ్దమున అల్ఫోన్సు లిగోరి, ఆ తరువాతి పాఠ్యగ్రంథకర్తలు, వివేకము పూర్తిగా పోయిన మత్తు, కొంత మిగిలిన మత్తు అని విభజించి, ముందు చూడగలిగిన ఫలితములకే కర్త బాధ్యుడని సూత్రీకరించిరి. సూక్ష్మత పెరిగినది గాని ప్రశ్న ముందుకు సాగలేదు. అందరును ఒక పూట మత్తును గూర్చియే వ్రాసిరి. సెనెకా చెప్పిన రెండవవాడు, అనగా త్రాగుబోతు, వారి లెక్కలో అనేక పర్యాయములు త్రాగినవాడు మాత్రమే.

అలవాటు యొక్క బరువును పండితులకంటె ముందు గ్రహించినవారు ప్రజల నడుమ తిరిగిన గురువులు. 1838 ఏప్రిలులో ఐర్లండునందలి కార్కు నగరమున తెయొబాల్డు మాథ్యూ అను కాపుచిను గురువు సంపూర్ణ మద్యత్యాగ ప్రతిజ్ఞను మొదలుపెట్టెను. లక్షలకొలది జనులు ప్రతిజ్ఞ చేసిరి. కతోలిక సిద్ధాంతము ప్రకారము త్రాగుట పాపము కాదు గదా, సంపూర్ణ త్యాగమెందులకు? ఇది వస్తునింద కాదు, స్వేచ్ఛాపూర్వకమైన వ్రతము. ఆ వ్రతము పట్టినవారిలో డబ్లిను కూలివాడైన మాట్ టాల్బట్ ఒకడు. 1856లో పుట్టి, బాల్యముననే త్రాగుడు మరిగి, జీతమంతయు అంగడికిచ్చి, 1884లో ప్రతిజ్ఞ చేసి, 1925లో మరణించువరకు మరల ముట్టలేదు. 1975లో ఆరవ పౌలు పోపు అతనిని పూజ్యునిగా ప్రకటించెను. గనిపనివారును మిల్లుపనివారును నిండిన మన యూరికి ఈ కూలివాని చరిత్ర దూరపుది కాదు.

టాల్బట్ మానగలిగెను. మానలేనివాని మాట యేమి? ఈ ప్రశ్నకు అత్యంత బాధాకరమైన జవాబు చీనా దేశమున కలదు. మార్కు జీ త్యెన్‌స్యాంగ్ అను కతోలిక వైద్యుడు పేదలకు ఉచితముగా వైద్యము చేయుచుండెను. కడుపునొప్పికై నల్లమందు పుచ్చుకొని దానికి బానిసయయ్యెను. మరల మరల పాపసంకీర్తనమునకు పోయి ఒకే పాపమును చెప్పుచుండుటచే, ఇతనికి నిజమైన పశ్చాత్తాపము లేదని తలచి గురువు అతనికి పాపక్షమాపణను నిరాకరించెను. ముప్పది సంవత్సరములు అతడు సత్ప్రసాదము లేకయే గుడికి పోవుచుండెను. వ్యసనమును రోగముగా ఎరుగని కాలమది. 1900లో బాక్సర్ల తిరుగుబాటున అతనిని కుటుంబముతో పట్టుకొనిపోయిరి. తనవారిలో ఎవరును ఒంటరిగా చావరాదని, తన్ను కడపట చంపుమని వేడుకొని అతడు వేదసాక్షి యయ్యెను. 2000వ సంవత్సరము అక్టోబరు 1న రెండవ జాన్ పాల్ పోపు అతనిని పునీతునిగా ప్రకటించెను. మరణించునాటికి అతడు నల్లమందును జయించినవాడు కాడు. క్షమాపణ దొరకని వ్యసనపరుని అదే శ్రీసభ నూరేండ్లకు పీఠముపై నిలిపినది. తన నీతిశాస్త్రమును తానే దిద్దుకొన్నట్లు శ్రీసభ మాటలతో చెప్పకున్నను, ఈ క్రియతో చెప్పినదని నేను తలచుచున్నాను.

మాటలతో చెప్పినవారు అమెరికా దేశపు నీతిశాస్త్రజ్ఞులు. 1935లో ఆక్రను నగరమున త్రాగుడు మానదలచినవారి పరస్పర సహాయ సంఘము పుట్టెను. ఏసుసభ గురువైన ఎడ్వర్డు డౌలింగు, ఆసుపత్రిలో సేవచేసిన ఇగ్నాషియా అను కన్యాస్త్రీ దానికి తొలి దినములలోనే తోడ్పడిరి. జాన్ ఫోర్డు అను మరియొక ఏసుసభ గురువు నీతిశాస్త్రమున ఆచార్యుడు. తానును త్రాగుడునకు లోబడి బయటపడినవాడు. 1951లో ఆయన మనస్తత్త్వశాస్త్రమును, నీతిని, మద్యవ్యసనమును కలిపి విచారించుచు ఒక గ్రంథము వ్రాసెను. వ్యసనపరుడు గిన్నె నెత్తు క్షణమున అతని స్వేచ్ఛ మిక్కిలి సన్నగిల్లియుండును, కావున ఆ క్షణపు దోషమును సాధారణుని కొలతతో కొలువరాదు. ఐనను స్వేచ్ఛ అంతటను నశింపలేదు. తెలివిగానున్న గడియలలో తన స్థితిని ఒప్పుకొని సహాయమును కోరు శక్తి అతనికి మిగిలియుండును. బాధ్యత అచటకు జరుగును. తోమాసు దోషమును మత్తులోని పనినుండి మొదటి గిన్నెకు జరిపెను. ఫోర్డు దానిని మొదటి గిన్నెనుండి అంతకు ముందటి తెలివిగల గడియకు జరిపెను.

1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథమున ఈ చరిత్ర యంతయు కొద్ది పేరాలలో ఇమిడియున్నది. 2290వ పేరా ఆహారము, మద్యము, పొగాకు, ఔషధము అను నాలుగింటి అతిని ఒకేచోట నిషేధించి, మత్తుచేత గాని వేగముపై మోజుచేత గాని దారిలో తమ ప్రాణమును ఇతరుల ప్రాణమును అపాయమున పడవైచువారిది ఘోరదోషమని చెప్పును. రాత్రివేళ నాగపురము దారిలో ప్రయాణము చేసినవారికి ఈ పేరాకు వ్యాఖ్యానము అక్కరలేదు. 1857వ పేరా ప్రకారము చావైన పాపమునకు మూడును కలిసి యుండవలెను: ఘోరమైన విషయము, పూర్తి ఎరుక, బుద్ధిపూర్వకమైన సమ్మతి. 1735వ పేరా అజ్ఞానము, ఏమరుపాటు, బలవంతము, భయము, అలవాటు మొదలగునవి బాధ్యతను తగ్గించుననియు, ఒక్కొక్కప్పుడు పూర్తిగా తొలగించుననియు చెప్పును. అలవాటు అను మాట ఆ పట్టికలో చేరుట చిన్న విషయము కాదు. దానికై మార్కు జీ ముప్పదియేండ్లు నిరీక్షించెను.

1983 నాటి శ్రీసభ ధర్మశాసనమును ఇదే త్రోవ పట్టినది. దాని 1324వ సూత్రము తన దోషము వలననే మత్తుడై వివేకము కోల్పోయినవానికి శిక్ష తగ్గింపుమనును. 1325వ సూత్రము నేరము చేయుటకే గాని, నేరమునకు సాకుగానే గాని కోరి త్రాగినవానికి ఆ తగ్గింపు లేదని 2021 వరకు చెప్పుచుండెను. పూజలో ద్రాక్షారసము తప్పనిసరి గదా, వ్యసనము నుండి బయటపడిన గురువు ఏమి చేయవలెనను చిక్కును గూడ రోమాపురి విచారించి, అట్టివానికి పులియుట అప్పుడే మొదలైన ద్రాక్షరసమును వాడుటకు మేత్రాణులు అనుమతి నీయవచ్చునని 2003లో లేఖ వ్రాసినది. ఒక్క చుక్క సైతము కొందరికి అపాయమని శ్రీసభ తన పూజాపీఠము వద్దనే ఒప్పుకొన్నదన్నమాట.

మన దేశపు శిక్షాశాసనముతో దీనిని పోల్చుట ఆసక్తికరము. 1860 నాటి భారత శిక్షాస్మృతి 85వ విభాగము, తనకు తెలియకుండ గాని తన ఇష్టమునకు విరుద్ధముగా గాని మత్తు ఈయబడి, చేయుచున్న పనిని ఎరుగలేని స్థితిలో నున్నవానిని విడిచిపెట్టినది. 86వ విభాగము కోరి త్రాగినవానికి తెలివిగానున్న వానికుండు ఎరుకనే ఆరోపించినది. ఈ రెండును 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 23, 24 విభాగములుగా నిలిచియున్నవి. నోవహు వంటివాడు 85వ విభాగమున తప్పించుకొనును. మూడవవాడు 86వ విభాగమున చిక్కును. ఐతే అలవాటుచేత చిక్కినవానికి ఇట ప్రత్యేకమైన చోటు లేదు. న్యాయస్థానము పిత్తకు పక్షమున నిలిచినది. అది తప్పనను. ఊరును కాచుట దాని పని.

ఇక చంద్రపురమునకు మరల వత్తము. నిషేధము పైనుండి వచ్చినది కాదు. 2010 డిసెంబరులో స్త్రీలు చిమూరు నుండి నాగపురమందలి శాసనసభ వరకు కాలినడకన పోయి దానిని కోరిరి. పొరుగున గడ్చిరోలిలో 1993 నుండియు, వార్ధాలో అంతకు పూర్వమునుండియు నిషేధముండెను. తెలుగుదేశమునను ఇదే కథ నడచినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై లేచిరి. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. అచటను ఇచటను నిషేధకాలమున సరిహద్దు దాటి దొంగసరకు వచ్చెను. మౌసలపర్వము చదివినవానికి ఇందులో ఆశ్చర్యము లేదు. ఐనను నిషేధము వ్యర్థమని తొందరపడి చెప్పుట తగదు. ఇంటి కెదుట అంగడి లేకపోవుట, మానదలచినవానికి ఆ తెలివిగల గడియను కొంత పొడిగించును. ఫోర్డు సిద్ధాంతము ప్రకారము చూచినను అది చిన్న మేలు కాదు. పొరపాటెక్కడనగా, అంగడి మూసినంతనే పని ముగిసినదని మనము తలచితిమి. తెరచిన పిమ్మట అంతయు చెడినదని తలచితిమి. నడుమ నున్న మనుష్యునితో మాటాడుటను రెండు కాలములలోను మరచితిమి. మన సంఘములో గడచిన యిరువది యేండ్లలో త్రాగుడును గూర్చి జరిగిన ఉపన్యాసములు నేను వినినవాటిలో అన్నియు త్రాగనివారి యెదుటనే జరిగినవి.

ఆ తల్లికి నేను బదులు చెప్పుటకు చాల నెలలు పట్టినది. చదివినదంతయు ఆమెకు చెప్పవలసిన పని లేదు. పాపమా, జబ్బా యను ప్రశ్నకు మీ మతపు పెద్దలు రెండును నిజమే యనిరనియు, రాత్రి గిన్నె పట్టినప్పుడు అతడు చాలవరకు రోగి యనియు, తెల్లవారి మతి కుదిరినప్పుడు సహాయము కోరగలిగియు కోరకున్నచో అప్పుడు బాధ్యుడనియు చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితె రాత్రి కొట్లాడుడు దండుగ. పొద్దుగాల చెప్పాలె" అనినది. పిమ్మట, "జీతం దినం పాలి దిగినంక, అంగడికి పోకముందు" అని తానే సవరించుకొన్నది.

ఆ నెల జీతము దినమున నేను బడికి పోవుచుండగా గని గేటు బయట వేపచెట్టు క్రింద ఆమె నిలిచియుండెను. చేతిలో అన్నపు గిన్నె, దానిపై మడిచిన ఆసుపత్రి చీటీ. ప్రక్కన పిల్లవాడు బడిసంచితో నుండెను. వానికి ఆనాడు నేను హాజరు వేసితిని.